నీ ఆకు కారుతున్నది, చెల్లె

ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు. ఇక నా ప్రశ్నకు జవాబు రాదు కదా అన్న కోపం వచ్చింది. దుఃఖం ఆ తర్వాత, అన్నం తినేటప్పుడు వచ్చింది.

వార్త ఫోన్‌లో వచ్చింది, ఫొటోతో సహా. ఆ ఫొటో నాకు తెలుసు. జనగామ పక్కన తాళ్లల్ల తీసింది. అందులో ఆయన పక్కన నేను నిలబడి ఉన్నాను. పంపినవాళ్లు దాన్ని ఎంత పొదుపుగా కత్తిరించారంటే ఆయన మొత్తం ఉన్నాడు, వెనక తాటిచెట్టు మొత్తం ఉంది, నాది మోచేయి మాత్రం మిగిలింది. ఆ మోచేయి ఎవరిదని గ్రూపులో ఒక్కరూ అడగలేదు. మా ఇంటాయన ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసి, "మోచెయ్యి మంచిగనే వచ్చింది" అన్నాడు. ఆ పూటంతా మా ఇంటాయనతో మాట్లాడలేదు.

నేను మరిచిపోయే మనిషిని కాను. మా పెద్దమ్మ కూతురు పెండ్లిలో నా విస్తరి దాకా వచ్చి, బోటి కూర అయిపోయిందని వెనక్కి తిరిగిపోయిన గంటె నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వీధి దీపం గురించి అర్జీ ఇస్తే చదవకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్న మనిషి చొక్కా రంగు కూడా చెప్పగలను. మరిచిపోవడం గొప్ప గుణమని నాకు చాలామంది చెప్పారు. గమనిస్తే వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో ఒకరిని చిన్నబుచ్చినవాళ్లే.

ఆయన కూడా నన్ను చిన్నబుచ్చాడు. పదిమందిలో. ఆ సంగతికి వస్తాను. ముందు ఆయన ఎలా ఉండేవాడో చెప్పాలి. లేకపోతే నేను దాన్ని ఇంతకాలం ఎందుకు మోశానో అర్థం కాదు.

పొడుగు మనిషి. కానీ పొడుగని వెంటనే తెలిసేది కాదు. భూపాలపల్లి బొగ్గు బాయిలో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్కడ పైకప్పు తగలకుండా వంగి వంగి నడిచిన అలవాటు, పనిలోంచి దిగిపోయాక కూడా పోలేదు. బయట ఆకాశం కింద కూడా అలాగే మెడ దించి నడిచేవాడు. పిలిస్తే ముందు మనిషి కాళ్లు చూసి, తర్వాత చేతులు చూసి, అక్కడ ఆగిపోయేవాడు. ముఖం దాకా ఆయన చూపు వచ్చేది చాలా తక్కువ. నేను మొదట దాన్ని పొగరనుకున్నాను.

ఎవరు కనబడినా ఆయన అడిగే మొదటి మాట "ఏం కూర?" నమస్తే లేదు, బాగున్నారా లేదు. హైదరాబాదు నుంచి కారు దిగి వచ్చిన పెద్దమనిషినైనా, తాటిచెట్టు ఎక్కి దిగుతున్న కల్లు గౌడన్ననైనా ఒకటే ప్రశ్న. ఏదో మర్యాదకు అడిగినట్టు ఉండేది కాదు. నిలబడి వినేవాడు. చింతచిగురులో ఏం వేశారు, మక్కల రొట్టె ఎవరు చేశారు, పులుపు ఎట్లుంది, అన్నీ. నెలల తర్వాత కనిపిస్తే, "మొన్న పచ్చి పులుసన్నవ్, మరి ఉల్లిగడ్డ కాల్చినవా, కోసినవా?" అని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. ఒకసారి బయటి ఊరి లెక్చరర్ ఒకాయన వచ్చి, "మీ యాస భలే ముద్దుగా ఉందండీ" అన్నాడు. ఈయన ఆ మనిషి చేతులు కాసేపు చూసి, "మీ ఇంట్ల ఇయ్యాల ఏం కూర?" అన్నాడు. లెక్చరర్‌కు తెలియలేదు. ఇంట్లో ఫోన్ చేసి కనుక్కున్నాడు. దొండకాయ.

ఆయన కవి. ఊళ్లో హాళ్లున్నాయి, మైకులున్నాయి, శాలువాలున్నాయి. ఆయన మాత్రం తాళ్లల్ల చదివేవాడు. మా దగ్గర తాళ్లల్లకు పోవడమంటే తాటివనంలోకి, కల్లు దించే చోటికి పోవడం. పొద్దున పూట. మగవాళ్లే కాదు, ఆడవాళ్లం కూడా పోతాం, సర్వపిండి మూట కట్టుకుని, శనగల గుడాలు ఉడకబెట్టుకుని. చెట్టు మీది నుంచి కల్లు లొట్టి దిగుతుంది. గౌడన్న లేత తాటాకును మడిచి దోసిలంత దొప్ప చేసి చేతిలో పెడతాడు. అందులో పోస్తాడు. ఆ ఆకును రెండు చేతులతో పట్టుకోవాలి. ఒక చేత్తో పడితే వంగిపోతుంది. కింద పెడదామంటే నిలబడదు. తాగకుండా పట్టుకుని కూర్చుంటే మడతలోంచి కారిపోతుంది. ఇది కల్లు తాగే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే తాగాను. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆయన చదివేది వినడానికి నేను మొదటిసారి పోయింది చలి తగ్గే రోజుల్లో, ఒక ఆదివారం. జనగామ నుంచి ఆటోలో అరగంట దూరం. మా ఇంటాయనకు ఎవరో చెప్పారు, "గక్కడ ఒకాయన పాట కాదు పద్యం కాదు, ఏందో జెప్తడు, మంచిగుంటది" అని. నాకు బస్టాండు దగ్గర బ్లౌజులు కుట్టే దుకాణం ఉంది. ఆదివారం మూసి ఉంటుంది. సరే అని పోయాను.

తాళ్ల కింద యాభై మందిదాకా ఉన్నారు, రాళ్ల మీద, పట్టాల మీద, ఉత్త నేల మీద. ఆయన ఒక చెట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు, చేతిలో ఆకు పట్టుకుని. "మొదలు అందరికీ పొయ్యిండ్రి. తర్వాత చదువుత" అన్నాడు. గౌడన్న ఒక్కొక్కరి ఆకులో పోస్తూ వచ్చాడు. ఆయన ఆకులో మాత్రం చివర్న, కాస్త విసుగ్గా పోశాడు.

"గాయినకెందుకు అంత ముఖం పెట్టినవ్?" అని పక్కనున్న అవ్వ అడిగింది.

"ముఖం పెట్టక? ఒక్క గుటక తాగడు. నేను తాడెక్కి నడుము ఇరగ్గొట్టుకుంట. గాయిన నేలకు తాపుతడు. అందుకే నిన్నటి ఆకే ఇస్తున్న."

అది నిజమే. ఆయన తాగగా చూసినవాళ్లు లేరు. చదవడం అయ్యేసరికి ఆయన ఆకులో ఏమీ ఉండేది కాదు, కాళ్ల దగ్గర నేల మాత్రం తడిసి ఉండేది. అమ్మవారికి సాక పోస్తున్నాడని కొందరనుకునేవాళ్లు. షుగరు ఉందని కొందరు. బాయిలో పోయిన దోస్తులకు పోస్తున్నాడని ఇంకొందరు.

ఆయన కాగితం తేడు. నోటితోనే చెప్పేవాడు. గొంతు పెద్దది కాదు. మనమే ముందుకు వంగాలి. కొన్ని కవితలు చివరిదాకా చెప్పేవాడు. కొన్ని సగంలో ఆపేసి, "ఇది ఇంక ఉడకలే" అని వేరేది మొదలుపెట్టేవాడు. మరిచిపోయి సర్దుకుంటున్నాడని మేమంతా అనుకునేవాళ్లం. "ముసలాయనకు యాది తప్పుతున్నది" అని మా ఇంటాయన నా చెవిలో అన్నాడు కూడా. చప్పట్లు ఉండేవి కావు. రెండు చేతుల్లో ఆకు పట్టుకుని ఎవరు కొడతారు? అది ఆయనకు లోటనిపించేది కాదు. "చప్పట్లు కొట్టేటోని చేతులు ఖాళీగున్నయన్నట్టు" అనేవాడు.

చదవడం అయ్యాక ముచ్చట. ఎవరైనా ఏదైనా అడగొచ్చు.

"అన్నా, కవిత రాస్తే ఏమొస్తది?" అని ఒక పిలగాడు అడిగాడు.

"ఏమో బిడ్డా. బొగ్గు తవ్వితే నాకేమొచ్చింది? కరెంటు ఎక్కడ్నో వచ్చింది."

"ప్రేమ మీద రాయవా?"

"రాసిన. మా ఇంటామె ఇన్నది. ఉప్పు సరిపోలే అన్నది."

అందరూ నవ్వారు. అప్పుడే ఆయన, "ఇంకొక్కటుంది, చిన్నది" అని ఆకు మళ్లీ నింపించుకుని ఈ కవిత చెప్పాడు:

దీపం గదిల దీపం అప్పజెప్పి
ఇంటికొచ్చిన.
నెత్తి ఇంకా బరువే ఉన్నది.
వాకిట్ల అవ్వ ఎదురొచ్చి
అరచెయ్యి అడ్డం పెట్టుకున్నది.
కొడుకా, జర తల పక్కకు తిప్పు,
కండ్లల్ల పడుతున్నది అన్నది.

బాయిలోకి దిగేవాళ్లు నెత్తికి దీపం పెట్టుకుని దిగుతారు. పైకి రాగానే అది అక్కడే ఇచ్చేయాలి. ఇచ్చి వచ్చిన కొడుకు నుదుటి మీద లేని దీపం తల్లి కళ్లల్లో పడింది. ఇంతే కవిత. నేను ఏమైపోయానో నాకు తెలియదు. మా నాయిన రాత్రి షిఫ్టు కాపలా చేసి పొద్దున ఇంటికి వచ్చి, పడుకున్నాక కూడా చేతిలో టార్చి పట్టుకున్నట్టే వేళ్లు ముడుచుకునేవాడు. అది ఎప్పటి సంగతో. అంతకు ముందు ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుస్తానని అనిపించింది. అందుకే నోటికి వచ్చింది అడిగేశాను. అందరికీ వినపడేలా, ఆయన పక్క రాయి మీది నుంచి లేచి నిలబడి.

"అన్నా, నువ్వు తాగవు గద. మరి తాళ్లల్లనే ఎందుకు చదువుతవ్? ఇంకెక్కడ జాగ లేదా?"

మంచి ప్రశ్న. ఇప్పటికీ మంచి ప్రశ్నే అంటాను. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా ముఖం చూడలేదు. నా చేతులు చూశాడు. చాలాసేపు చూసి అన్నాడు:

"నీ ఆకు కారుతున్నది, చెల్లె."

తాళ్లల్ల నవ్వు ఎట్లా ఉంటుందో తాగినవాళ్లకు తెలుసు. ఒకడు మొదలుపెడితే చివరి రాయి మీద కూర్చున్నవాడిదాకా పోతుంది. చూసుకుంటే నా చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. చెప్పుల్లో కూడా. నేను అడిగిన ప్రశ్న నేలలోకి ఇంకిపోయింది, ఎవరికీ అక్కర లేకుండా. ఆయన ఇంకొకరితో, "నువ్వేం కూర దెచ్చినవే?" అని మాట్లాడుతున్నాడు. అప్పుడే ఎవడో ఫొటో తీశాడు. నా మోచేయి మిగిలిన ఫొటో అదే.

ఇంటికి వస్తూ ఆటోలో మా ఇంటాయనను అడిగాను, "నేను అడిగిన దాంట్ల తప్పేమున్నది?"

"తప్పేం లేదు. ఆకు కూడ నిజంగనే కారింది" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆ పొద్దును మనసులో తిప్పుతూనే ఉన్నాను. మిషన్ తొక్కుతూ, కాజాలు కుడుతూ, మొదటి నుంచి చివరిదాకా. ఆయన ఎక్కడ నిలబడ్డాడు, ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడు, ఎవరు ముందు నవ్వారు. అందులో ఒక్క ముక్క కూడా వదలలేదు. వదిలితే రేపు వాదించేటప్పుడు నా వైపు బలం తగ్గుతుంది కదా.

తర్వాత ఒకరోజు ఆయనే నా దుకాణానికి వచ్చాడు. తెలిసి కాదు. జనగామలో ఏదో పనుండి వచ్చి, చొక్కా కాలరు పోయిందని, బోర్డు చూసి లోపలికి వంగాడు. నా గుమ్మం ఎత్తుగానే ఉంటుంది. అయినా వంగాడు.

"చెల్లె, కాలరు తిప్పి కుడుతవా? లోపలి దిక్కు ఇంకా మంచిగనే ఉన్నది."

నేను చొక్కా తీసుకోలేదు. "అన్నా, నా ప్రశ్నకు నువ్వు జవాబియ్యలే" అన్నాను.

"ఏ ప్రశ్న?"

ఇంతకన్నా పెద్ద అవమానం ఉంటుందా? నేను నిద్రలో కూడా తిప్పుకుంటున్న ప్రశ్న ఆయనకు గుర్తే లేదు. నేను తాళ్లల్ల సంగతంతా చెప్పాను. ఆయన కత్తెర పట్టుకున్న నా చేతులు చూస్తూ విన్నాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం విప్పారింది.

"ఆఁ! ఆకు కారిన చెల్లెవా నువ్వు! గప్పటి సంది ఎన్ని ఊర్లల్ల చదివిన, నీ లెక్క ఇంకొక్కరు దొరకలే నాకు."

"ఎక్కిరిస్తున్నవా అన్నా?"

"లే, నిజం. ఆ దీపం కవిత యాదికున్నదా నీకు?"

"నాకు అన్నీ యాదికుంటయి" అన్నాను, గట్టిగానే. "నువ్వు జవాబియ్యంది గూడ."

"మంచిది" అన్నాడు. "మంచిది. ఏం కూర చేసినవ్ ఇయ్యాల?"

బెండకాయ. చెప్పలేదు. కాలరు మాత్రం తిప్పి కుట్టాను, పని పని కాబట్టి. మనిషి మీద కోపం కుట్టు మీద చూపించకూడదు.

అక్కడితో పోలేదు. ఆయన పోయిన ప్రతి ఊళ్లో నా గురించి చెబుతున్నాడని తర్వాత తెలిసింది. మానుకోటలో మా వాళ్ల పెండ్లికి పోయి, గాజుల దుకాణంలో కూర్చున్నాను. మా ఇంటాయన ఊరికే ఉండలేక, మాది జనగామ, మా ఇంటామె బ్లౌజులు కుడుతుందని దుకాణం చాచాతో చెప్పాడు. చాచా గాజు ఎక్కిస్తూ నా చేతిని అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"జనగామల బ్లౌజులు కుట్టే అక్కనా? కవి సాబ్ జెప్పే అక్కవు నువ్వేనా? ఆకు కారిన అక్క?"

"ఎవరు జెప్పిండ్రు నీకు?"

"కవి సాబే. గీడ తండా పక్కన తాళ్లల్ల చదివిండు. తండా అక్కలను గూడ వాళ్ల భాషల పాడుమన్నడు. అర్థం కాకున్నా ఆకు పట్టుకొని నిలవడి ఇన్నడు. చివరికి నీ ముచ్చట జెప్పిండు. పరేషాన్ గాకు అక్కా, ఇజ్జత్‌తోనే జెప్పిండు. మజాక్ కాదు."

నేను నమ్మలేదు. చీర తడుపుకున్న ఆడమనిషి ముచ్చటలో ఇజ్జత్ ఏముంటుంది? గాజులు సగం ధరకు ఇస్తానన్నా తీసుకోకుండా వచ్చేశాను. మా ఇంటాయన ఇప్పటికీ ఆ గాజుల సంగతి ఎత్తుతాడు.

కోపం ఉన్నా, ఆ మనిషి గురించి తెలుసుకోవాలన్న కోరిక కూడా తగ్గలేదు. అది నాకే విచిత్రంగా ఉండేది. దుకాణానికి వచ్చినవాళ్లు భూపాలపల్లి వైపు వాళ్లని తెలిస్తే చాలు, కొలత తీసుకుంటూనే అడిగేదాన్ని. తాగనివాడికి తాళ్లతో ఏం పని? ఒకామె, కాటారం దగ్గర అడవి పక్క ఊరామె, ఆయన కవిత చెబుతూ సగంలో ఆపడం తానూ చూశానన్నది. "యాది తప్పి కాదక్కా. మా ఊర్ల ఆపిన కవితనే మా చెల్లె వాళ్ల ఊర్ల మొత్తం జెప్పిండట" అన్నది. ఇది నాకు కొత్త. మరిచిపోకపోతే ఎందుకు ఆపాడు? ఒక ప్రశ్నకు రెండో ప్రశ్న తోడైంది. రెంటికీ జవాబు ఇవ్వాల్సిన మనిషి ఒక్కడే.

ఆ ఒక్కడూ పోయాడు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, పగలు కునుకు తీస్తూ పోయాడట.

వార్త వచ్చిన మూడో నాడో నాలుగో నాడో ఒక ఫోన్ వచ్చింది. మొగుళ్లపల్లి నుంచి. బాయిలో ఆయనతో పాటు పనిచేసిన దోస్తునన్నాడు.

"అక్కా, ఆకు కారిన చెల్లెవు నువ్వేనా?"

పెట్టేద్దామనుకున్నాను. కానీ గొంతులో నవ్వు లేదు.

"ఆ పేరుతోని పిలిస్తే పలకను" అన్నాను.

"మాఫ్ చెయ్యి అక్కా. నీ పేరు నాకు తెల్వది, జనగామ బస్టాండు కాడ బ్లౌజుల దుకాణమంటే నంబరిచ్చిండ్రు. గాయిన ఆ పేరే జెప్పిండు. మా ఊరి తాళ్లల్ల ఆదివారం అందరం కలుస్తున్నం. హాలు గీలు వద్దనుకున్నం. గాయిన కవితలు యాదికున్న కాడికి తలా ఒకటి జెప్తం. కని అవ్వ దీపం కవిత ఎవ్వలికీ పూర్తిగ యాదికిలేదు. ఒకలకు మొదలు యాదికుంటే ఒకలకు చివర. కాయితం మీద లేదు. దాన్ని తిప్పుతనే ఉన్న, ఇంక రాయలే అనేటోడు. దవాఖానల ఉన్నప్పుడు అడిగినం. గొంతు సరిగ వస్తలేదు. జనగామల ఆకు కారిన చెల్లెకు యాదికుంటది, ఆమెకు అన్నీ యాదికుంటయి అన్నడు."

 నాకు యాదికుంది. ఒక్క మాట పోకుండా ఉంది. ఆ పొద్దు అవమానాన్ని తిప్పినప్పుడల్లా అంతకు ముందు ఆయన చెప్పిన కవిత కూడా దాని వెంట తిరిగింది. నేను దాన్ని దాచలేదు. కోపం దాచుకుంటే అది కూడా కొంగుకు అంటుకుని వచ్చింది.

"నేను రాకుంటే?" అన్నాను.

"రాకుంటే గది పోయినట్టే అక్కా."

జనగామ నుంచి హనుమకొండ, అక్కడ బస్సు మారి పరకాల, అక్కడి నుంచి మొగుళ్లపల్లి. దారంతా మా ఇంటాయన కిటికీ పక్కన నిద్రపోయాడు. నేను కవితను లోపల చెప్పుకుంటూ కూర్చున్నాను. కొత్త భయం పట్టుకుంది. 'ఎదురొచ్చి' అన్నాడా, 'ఎదురుగొచ్చి' అన్నాడా? నేను తప్పు చెబితే ఇక అదే ఒప్పయిపోతుంది. సరిదిద్దేవాడు లేడు. మనుషుల మాటలు గుర్తుపెట్టుకోవడం వాళ్లను ఓడించడానికే అనుకున్నాను ఇన్నాళ్లు. ఇట్లాంటి పనికి కూడా వస్తుందని తెలియదు.

అక్కడి తాళ్లు మా దగ్గరివాటి కన్నా ఎత్తు. జనం చాలామంది వచ్చారు. బాయి వాళ్లు, పొలం వాళ్లు, కూలికి పోయే ఆడవాళ్లు. ఒక్కొక్కరు లేచి ఆయన కవిత ఏదో గుర్తున్నంత చెప్పారు. ఒకాయన కవితకు బదులు ఆయన తనను ఏయే కూరలు అడిగాడో చెప్పి కూర్చున్నాడు. అది కూడా బాగానే ఉంది.

నా వంతు వచ్చింది. దోస్తు నన్ను ఒక చెట్టు మొదటికి తీసుకుపోయి, "గాయిన గిక్కడ నిలవడేటోడు" అన్నాడు. గౌడన్న నా చేతిలో ఆకు పెట్టి నింపాడు. అందరి ఆకులు నింపాక మొదలుపెట్టమన్నాడు. నాకు కల్లంటే ఇష్టం. పొద్దటి కల్లు, అప్పుడే దింపింది. ఒక్క గుటక తాగి మొదలుపెడదామనుకున్నాను. కానీ అందరూ చూస్తున్నారు.

అక్కడ నిలబడ్డాక నాకు మొదట తెలిసింది ఏమిటంటే, అక్కడి నుంచి ముఖాలు కనబడవు. పొద్దు జనం వెనక నుంచి తాళ్ల సందుల్లోంచి పడుతుంది. ముఖాలన్నీ నల్లగా, ఒకటే తీరు. ఛాతీ ఎత్తులో పట్టుకున్న ఆకులు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. చూడగలిగింది అవే. నేనూ అవే చూశాను.

దీపం గదిల దీపం అప్పజెప్పి, అన్నాను. ఒక ఆకు పైకి లేచింది. ముసలాయన ఎవరో తాగేశాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇంకొక ఆకు లేచింది. నా గొంతు తగ్గింది. అక్కడే ఆపేసి కూర్చుందామనిపించింది. 'ఇది ఇంక ఉడకలే' అన్న మాట నాలుక దాకా వచ్చింది. నాకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన మరిచిపోయి ఆపలేదు. తాగడానికి ఆకులు లేస్తున్నాయని, కవిత ఇంకా పట్టలేదని ఆపేవాడు.

నేను ఆపలేదు. నాకు మొండితనం ఎక్కువ. పైగా అది నా కవిత కాదు ఆపడానికి. నెత్తి ఇంకా బరువే ఉన్నది, అన్నాను. ఆకులు నిలిచాయి. వాకిట్ల అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఒక్కటి కూడా కదల్లేదు. గుక్క మింగిన చప్పుడు కూడా లేదు. కుడి పక్కన, చివర్న నిలబడ్డ ఒకామె ఆకు మడతలోంచి సన్నగా ధార దిగుతోంది. దారంలాగా. ఆమె కాళ్ల మీద పడుతోంది. ఆమెకు తెలియదు.

చివరి మాట అన్నాను. చప్పట్లు లేవు. ఎట్లా ఉంటాయి?

నా కాళ్లకు చల్లగా తగిలింది. చూసుకుంటే నా ఆకు ఖాళీ. ఒక్క గుటక కూడా తాగలేదు. అంతా నేల తాగింది.

అప్పుడు ఆ చివర నిలబడ్డ ఆమె గొంతు ఎత్తింది. కూలి పని చేసే చేతులు, నా వయసే ఉంటుంది. ఏడుపును అదిమిపట్టిన గొంతు. అట్లాంటిది నాకు బాగా తెలుసు.

"అక్కా, గాయిన గింత మంచిగ జెప్తె, మరి పెద్ద పెద్ద సభలల్లకు పోకుండ గీ తాళ్లెంబడి ఎందుకు తిరిగినట్టు? ఏం పాడైంది గాయినకు?"

మంచి ప్రశ్న. అందరూ నా వైపు తిరిగారు. నాకు జవాబు తెలుసు. విడమరిచి చెప్పగలను కూడా. కానీ నా కళ్లు ఆమె ముఖం దాకా పోలేదు. ఆ చేతుల దగ్గరే ఆగిపోయాయి. దారంలాంటి ఆ ధార ఇంకా తెగలేదు.

"ముందు నీ ఆకు జూసుకో, చెల్లె" అన్నాను. "కారుతున్నది."

తాళ్లల్ల నవ్వు లేచింది. మొదటి రాయి నుంచి చివరి రాయిదాకా. దోస్తు ఒక్కడే నవ్వలేదు. నా వైపు చూసి, తల పక్కకు తిప్పుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ లేచి పోతున్నప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. చీర అంచు తడిసి ఉంది. కళ్లల్లో నిప్పులు.

"అక్కా, నేనడిగిన దానికి నువ్వు జవాబియ్యలే."

ఆయన నాకు చెప్పాల్సింది. ఈ మాట ఇప్పటికీ అంటాను. ఒక్క మాట చెబితే ఇన్నేళ్లు నేను ఇంత మోసేదాన్ని కాదు. మోయకపోతే ఆ రోజు అక్కడ చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇది ఆయన ముందే అనుకుని చేశాడా, లేక నా చేతులు చూసి నోటికొచ్చిందే అన్నాడా, అది మాత్రం ఆ చెట్టు కింద నిలబడ్డా తెలియలేదు. ఆ కోపం ఆయన మీద అలాగే ఉంచుకున్నాను.

ఆమె కదలకుండా నిలబడి ఉంది, జవాబు తీసుకునే పోతానన్నట్టు.

"ఇయ్యాల ఏం కూర చేసినవ్?" అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. పెదవి బిగించి తిరిగి వెళ్లిపోయింది. తాళ్లు దాటి బాట ఎక్కేముందు ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ చూసింది. కోపం మంచిగానే వచ్చింది. ఆమె మరిచిపోదు.